పదిహేడో బ్యాచ్

పదిహేడో బ్యాచ్ ఎందుకు గట్టిపడిందో నాకు తెలియదు. పరిశోధన చేసే మనిషి నలుగురిలో చెప్పుకోదగ్గ మాట కాదిది. కానీ పందొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆగస్టు నుంచి నవంబరు దాకా నా బతుకంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

అప్పుడు నేను రామచంద్రపురం దగ్గర ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో జూనియర్ లెక్చరర్ని. పిల్లలకి పాఠాలు చెప్పగా మిగిలిన టైములో పి.హెచ్.డి. కోసం ఒక జెల్ తయారు చేస్తున్నాను. జున్ను తిన్నవాళ్ళకి ఆ జెల్ సంగతి చెప్పడం తేలిక. ఈనిన గేదె తొలిపాలు ఆవిరి మీద పెడితే గట్టిపడతాయి కదా. పాలలోని ప్రోటీన్ వలలా అల్లుకుపోయి నీళ్ళని తనలో పట్టి ఉంచుతుంది. నాకు కావలసిందీ అలాంటిదే, కానీ రెండు తేడాలు. లోపల దాచే మందు వేడికి పాడవుతుంది కాబట్టి నా జెల్ చల్లగా ఉండగానే గట్టిపడాలి. రెండోది, అది కడుపులోని పులుపు తగిలినంత సేపూ బిగుసుకుని కూర్చోవాలి, పేగుల్లోకి దిగాకే ఉబ్బి మందుని వదలాలి. అప్పుడు ఘాటైన నొప్పి మాత్రలు కడుపుని మండించవు. ఎక్కడ నోరు మూసుకోవాలో, ఎక్కడ తెరవాలో తెలిసిన ఇలాంటి జెల్స్‌ని పుస్తకాల్లో తెలివైనవి అంటారు. తయారు చేసేవాళ్ళ తెలివి గురించి ఏ పుస్తకంలోనూ రాయలేదు.

పద్ధతి ఇది. పాల విరుగుడు తేట నుంచి తీసిన ప్రోటీన్ పొడి డబ్బాల్లో వస్తుంది. దాన్ని డిస్టిల్డ్ వాటర్లో కలిపి వేడి చేసి, చల్లారాక మందు కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పొద్దుటికి గట్టిపడాలి. ఉప్పులు తగిలితే వేడి చేసేటప్పుడే విరిగిపోతుందని ఒక జిరాక్సు పేపర్లో చదివాను. అప్పటినుంచి ఏ రకం ఉప్పునీ నా గ్లాసు సామాన్ల దరిదాపులకి రానివ్వలేదు. మా అమ్మమ్మ కూడా అంత మడి కట్టుకుని ఉండదు. అయినా పదహారు బ్యాచ్‌లు పొద్దున్న చూస్తే పలచటి గంజిలా కదులుతూనే ఉన్నాయి.

గట్టిపడాలంటే దొంగదారి ఒకటుంది. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం రెండు చుక్కలు వేస్తే ఎలాంటి ప్రోటీన్ అయినా కాసేపట్లో బిగుసుకుంటుంది. కానీ అది విషం. అది లేకుండా చెయ్యడమే నా థీసిస్.

పదహారోది పారబోసిన రోజే కాలేజీ ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది. నేను అద్దెకుండేది అచ్చాయమ్మ గారి మేడ మీద గదిలో. ఆవిడకి అరవై ఆరేళ్ళు. కాలవ అవతల పొలం కౌలుకిచ్చేసి, రెండు గేదెల్ని మాత్రం ఉంచుకుని కింద ఒక్కరే ఉండేవారు. మోకాళ్ళ నొప్పులకి రోజూ మాత్ర వేసుకుని, ఆ మాత్ర పెట్టే మంటకి పొట్ట పట్టుకుని గుమ్మంలో కూర్చునేవారు. నా పరిశోధనకి నేను ఎంచుకున్నది ఆ నొప్పి మందే. అది యాదృచ్ఛికమని మా గైడ్‌కి చెప్పాను కానీ నిజం కాదు. ఆవిడ మూలుగు వింటూ మేడ మీద చదువుకోవడం నావల్ల కాలేదు.

"మామ్మగారూ, మీ ఫ్రిజ్‌లో ఒక సీసా పెట్టుకోనా?" అని అడిగాను.

"అడగాలేంటమ్మా!" అన్నారు. నడిమి అర మొత్తం ఖాళీ చేసేశారు. ఆవకాయ జాడీ, పెరుగు గిన్నె, బీరకాయలు అన్నీ కింద అరలోకి వెళ్ళిపోయాయి.

మర్నాడు నాకు బస్సు టైమైపోయింది. అచ్చాయమ్మ గారే ఫ్రిజ్‌లోంచి సీసా తీసి గుమ్మం దాకా వచ్చి నా చేతికిచ్చారు. గతుకుల రోడ్డు మీద బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. ల్యాబ్‌లో సంచి విప్పి, అలవాటు ప్రకారం పారబొయ్యడానికి సింకు మీద బోర్లించాను. పడలేదు. కుదిపాను. అయినా పడలేదు. అటెండర్ అప్పాజీ నోరు తెరుచుకుని చూశాడు. ఆయనకి యాభై దాటాయి, ఆ ల్యాబ్‌లో ఎన్నో ప్రయోగాలు తగలడిపోవడం చూసిన మనిషి.

"ఆయ్, జున్నేనండి!" అన్నాడు.

ముక్కలు కోసి పులుపు నీళ్ళలో వేశాం. రెండు గంటలైనా ముక్కలు గట్టిగా ఉన్నాయి, మందు దాదాపు బయటికి రాలేదు. పేగుల్లో ఉండేలాంటి నీళ్ళలోకి మార్చాక నెమ్మదిగా ఉబ్బి మందుని వదలడం మొదలుపెట్టాయి. కాగితం మీద నేను మూడేళ్ళుగా గీసుకుంటున్న గీత ఎలా ఉందో అలాగే వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను.

ఆ సాయంత్రం మడత కాజాలు పట్టుకుని అచ్చాయమ్మ గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. మీ మోకాళ్ళ మాత్రలోని మందే దాంట్లో ఉంది, ఎప్పటికైనా కడుపు మండకుండా మీలాంటి వాళ్ళకి ఇవ్వొచ్చు అన్నాను. ఆవిడ కాజా చేతిలో పట్టుకుని నోట్లో పెట్టుకోవడం మర్చిపోయారు.

"మందా తల్లీ అది! నేనింకా పాలనుకున్నాను" అన్నారు.

ఆ మాట నేను వినిపించుకోలేదు. నా సంతోషం నాది.

మా గైడ్ యుగంధర్ గారు నాకంటే సంతోషించారు. వారం తిరక్కుండా ఆ ఫలితాన్ని హైదరాబాదులో జరిగే సదస్సుకి పంపేశారు. కింద మా ఇద్దరి పేర్లు, ముందు ఆయనది. "ఏ రసాయనమూ కలపకుండా, వేడి చేసి చల్లార్చినంత మాత్రాన ఏర్పడే జెల్" అని దానికి పేరు.

పద్దెనిమిదో బ్యాచ్ గట్టిపడలేదు. పందొమ్మిదోదీ లేదు. పొడి డబ్బా మారిందా అని చూశాను, అదే డబ్బా. నీళ్ళు మారాయా, అవే నీళ్ళు. అచ్చాయమ్మ గారి ఫ్రిజ్‌లో చలి కాలేజీ ఫ్రిజ్‌లో కంటే వేరుగా ఉందేమోనని అందులో థర్మామీటరు పెట్టి గంటకోసారి చూశాను. ఆవిడ కూర తీసుకోవడానికి కూడా నన్ను అడిగి తలుపు తీసేవారు. కరెంటు పోయిన రోజుల్ని, ఉన్న రోజుల్ని వేరుగా రాసుకున్నాను. అందులోనూ ఏమీ తేలలేదు.

ఇరవై మూడో బ్యాచ్ నాటికి నా బుర్ర పూర్తిగా చెడిపోయింది. పదిహేడోది గట్టిపడిన రోజు వంగపండు రంగు చీర కట్టుకున్నానని గుర్తొచ్చి అదే చీర కట్టుకున్నాను. ఆ రోజు బస్సులో ఎడమవైపు కూర్చున్నానని ఎడమవైపే కూర్చున్నాను. ఎమ్.ఫార్మ్ ఫస్టు క్లాసులో పాసైన నేను ఒక ముసలాయన్ని బతిమాలి ఎడమవైపు సీటులోంచి లేపాను. గంజి గంజిలాగే ఉంది. పదిహేడు అసలు జరిగిందా, నేను కల కన్నానా అని అనుమానం వచ్చి అప్పాజీని అడిగాను.

"జరిగిందండి. నేను ముట్టుకున్నాను కదండీ" అన్నాడాయన జాలిగా.

అక్టోబరు చివర్లో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. నా రిజిస్ట్రేషన్ ఖాయం చెయ్యడానికి శివరామకృష్ణ గారనే ప్రొఫెసరు నవంబరు పదిన వస్తారు. పదిహేడో బ్యాచ్‌ని మళ్ళీ చేసి ఆయన కళ్ళముందు పెట్టాలి. పెట్టలేకపోతే మూడేళ్ళ పని పోతుంది. అంతకంటే ఘోరం, సదస్సుకి వెళ్ళిన ఆ కాగితం నా పేరు మీద అచ్చయిన అబద్ధం అవుతుంది.

సరిగ్గా అప్పుడే నా అనుమానం అచ్చాయమ్మ గారి మీదకి వెళ్ళింది. నేను లేనప్పుడు సీసా ఆవిడ ఇంట్లోనే కదా ఉండేది. ఆవకాయ చేత్తో ముట్టుకుంటున్నారేమో, మూత తీసి చూస్తున్నారేమో, తెలియక ఏదో పడేస్తున్నారేమో. ఇరవై ఎనిమిదోది కూడా గంజి అయిన రోజు కిందికి దిగి, ఆవిడ గేదెకి కుడితి పెడుతుంటే వెనకాల నిలబడి అడిగాను.

"మామ్మగారూ, నిజం చెప్పండి. నా సీసాలో ఏం కలుపుతున్నారు?"

ఆవిడ బక్కెట్టు కింద పెట్టారు. "నేనేం కలుపుతానమ్మా?"

"ఏదో కలుపుతున్నారు. లేకపోతే ఇలా పాడవదు. ఏం కలిపారో చెప్పండి, కోప్పడను" అన్నాను, అప్పటికే కోప్పడుతూ.

"ఉషమ్మా, మందు అని నువ్వు చెప్పిన కాణ్ణించి నేనా సీసాని మడిగుడ్డ కట్టుకుని ముట్టుకుంటన్నాను. వేణ్ణీళ్ళతో అర తుడుస్తన్నాను. దేవుడి దీపం మీద ఒట్టు, అందులో ఆవగింజంత కూడా కలపలేదు."

"మరి మీ ఇంట్లోనే ఎందుకు పాడవుతోంది?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూశాను, చూసి కూడా మేడ మెట్లెక్కేశాను. ఆ రోజు నుంచి సీసాని నా గదిలోనే, కుండలో తడి ఇసక పోసి అందులో ఉంచాను. ఆవిడ రోజూ పొద్దున్నే కాఫీకి పాలగ్లాసు మెట్ల మీద పెట్టడం మాత్రం మానలేదు. మాటలు మానేశారు.

నా గదిలో కూడా గట్టిపడలేదు. అంటే తప్పు ఆవిడది కాదు. మరి ఎవరిది? నాకేమీ అర్థం కాలేదు.

తొమ్మిదో తారీఖున యుగంధర్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. "రెండు చుక్కలు గ్లూటరాల్డిహైడ్ వేసెయ్యండి మేడమ్. గట్టిపడుతుంది. ఆయన చూసి వెళ్ళిపోతారు. తింటారా ఏంటి?" అన్నారు. వెళ్తూ వెళ్తూ అలమారలోంచి ఆ చిన్న సీసా తీసి నా సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో తెలియదని బుకాయించను. వాడడానికే వేసుకున్నాను.

పదో తారీఖు పొద్దున్న కుండలోంచి ముప్ఫయ్యో బ్యాచ్ తీశాను. గంజి. ఒక చేతిలో అది, భుజాన విషం ఉన్న సంచి, దిగుతున్నాను. కింద గుమ్మంలో పక్క వీధి తలుపులమ్మ పాలకోసం వచ్చి నిలబడి ఉంది. అచ్చాయమ్మ గారు చెంబులో పాలు పోసి, గడప దాటించే ముందు ఆగారు. బొడ్లోంచి సున్నపు కాయ తీశారు, తమలపాకుల్లోకి సున్నం దాచుకునేది. చూపుడువేలి గోటితో కాస్త సున్నం తీసి చెంబు లోపలి అంచుకి, పాలు తగిలేలా రాశారు. తర్వాతే చెంబు తలుపులమ్మ చేతికిచ్చారు.

నేను ఆఖరి మెట్టు మీద ఆగిపోయాను. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. నా పాలు గడప దాటవు, మెట్ల మీదకే వస్తాయి. అందుకని ఆ పని ఎప్పుడూ నా కంట పడలేదు.

"అదేంటండీ మామ్మగారూ?"

పది రోజుల తర్వాత నేను పలకరించినందుకు ఆవిడ తడబడ్డారు. "ఏముందమ్మా. పాలు గడప దాటితే గేదెకి దిష్టి తగులుద్దని మా అత్తగారు పెట్టేవోరు. నేనూ పెడతాను."

"నా సీసాకి... నా సీసాకి ఎప్పుడైనా పెట్టారా?"

"మొదటిరోజు గుమ్మంలోకి తెస్తూ మూత తీసి పెట్టేను. తెల్లగా ఉంటే పాలేననుకున్నాను మరి. మందని నువ్వు చెప్పేక మానేసేను. మందుకి దిష్టేంటి, శుభ్రంగా ఉండాలి కదా అని." అంతలోనే ఆవిడ మొహం పాలిపోయింది. "అదేనా పాడుచేసింది? అయ్యో, ఒక్కసారేనమ్మా పెట్టింది..."

సున్నం. కాల్షియం. వేడి చేసేటప్పుడు తగిలితే విరుగుతుంది, నిజమే. కానీ వేడి చేసి చల్లార్చాక తగిలితే? విడివిడిగా తిరుగుతున్న ప్రోటీన్ పోగుల్ని ఒకదానితో ఒకటి ముడి వేసేది అదే. పదిహేడో బ్యాచ్‌లో గోరంత సున్నం పడింది. బస్సు కుదుపులకి కరిగి కలిసింది. ఆ తర్వాత పదకొండు బ్యాచ్‌లు నా కోసం, నా మందు కోసం, ఆవిడ మనసు పెట్టి శుభ్రంగా ఉంచారు. ఏం కలిపారు అని ఆవిడ మీద అరిచాను. ఏం కలపడం మానేశారు అని అడగాలని తోచలేదు.

సీసా మూత తీసి ఆవిడ ముందు పట్టుకున్నాను. "పెట్టండి" అన్నాను.

"వద్దమ్మా, నాకు భయం."

"మీకు పుణ్యం ఉంటుంది, పెట్టండి."

ఆవిడ అంచు లోపల సున్నం రాసి, చెయ్యి వెనక్కి లాక్కున్నారు. నేను బస్సు ఎక్కేశాను, ఏ వైపు కూర్చున్నానో చూసుకోలేదు.

శివరామకృష్ణ గారు సామర్లకోటలో రైలు దిగి కారులో పదకొండింటికి వచ్చారు. సన్నటి మనిషి, మాట తక్కువ. నేను సీసా ఆయన ముందు బోర్లించాను. చుక్క కూడా జారలేదు. అప్పాజీ తలుపు దగ్గర నిలబడి భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. యుగంధర్ గారు నా వైపు చూసి చిన్నగా తల ఊపారు. నేను ఆయన చెప్పినట్టే చేశాననుకున్నారు.

"ఇందులో ఏం కలిపారు?" అన్నారు ప్రొఫెసరు గారు.

"ఏమీ లేదండి, అదే కదండీ విశేషం" అన్నారు యుగంధర్ గారు గబగబా.

నేను సంచిలోంచి గ్లూటరాల్డిహైడ్ సీసా తీసి బల్ల మీద పెట్టాను. మూతకి వేసిన సీలు ఇంకా అలాగే ఉంది. "ఇది కలపలేదండి. సున్నం కలిపాం" అన్నాను. పాలచెంబు సంగతి, గడప సంగతి, గంజి అయిన బ్యాచ్‌ల సంగతి అంతా చెప్పాను. సదస్సుకి పంపిన కాగితం తప్పని కూడా చెప్పాను.

ప్రొఫెసరు గారు జెల్‌ని వేలితో నొక్కి చూశారు.

"ఎంత సున్నం?"

"గోరంత అండి."

"ఎవరి గోరు?"

"అచ్చాయమ్మ గారిదండి."

"ఆ కాగితం వెనక్కి తీసుకోండి. ఆ గోరు ఎంతో తూచి, మళ్ళీ మొదటినుంచి చేసి, నాకు రాయండి. రిజిస్ట్రేషన్ సంగతి అప్పుడు చూద్దాం" అని ఆయన లేచారు. పోయిందా, మిగిలిందా నాకు అర్థం కాలేదు. ఆ నాలుగు నెలల్లో అలవాటైపోయిన అయోమయమే అది, కానీ మొదటిసారి దానికి భయం వెయ్యలేదు.

మర్నాడు అచ్చాయమ్మ గారిని రిక్షాలో ల్యాబ్‌కి తీసుకొచ్చాను. ఇస్త్రీ చీర కట్టుకుని, సున్నపు కాయ రుమాల్లో చుట్టుకుని వచ్చారు. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. ఒక చెయ్యి అప్పాజీ పట్టుకున్నాడు, ఒక చెయ్యి నేను పట్టుకున్నాను. కుర్చీలో కూర్చోగానే కొంగుముడి విప్పి మాత్ర తీసి నీళ్ళతో మింగారు. మింగాక అలవాటుగా పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇది ఎప్పటికి మాత్రవుద్దమ్మా?" అని బల్ల మీది సీసా చూపించి అడిగారు.

"చాలా ఏళ్ళు పడుతుందండి" అన్నాను. అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేదు.

"పోనీలే. ఎవరికో ఒకరికి" అన్నారు.

చిన్న చిన్న కాగితాలు కోసి ముందు పెట్టాను. ఒక్కో కాగితం మీద ఆవిడ గోటితో సున్నం రాయడం, అప్పాజీ బ్యాలెన్సు మీద పెట్టి అంకె చదవడం, నేను రాసుకోవడం. ఇరవై సార్లు. ఎన్నిసార్లు పెట్టినా ఆ గోరు సున్నా పాయింట్ ఇరవై తొమ్మిది గ్రాములకి, ముప్ఫై ఒకటికి మధ్యే ఉంది. గరిటెతో నేను తూచి వేస్తే కూడా అంత కచ్చితంగా రాదు. నలభై ఐదేళ్ళుగా రోజూ పాలచెంబుకి రాసిన వేలు అది.

ఇరవయ్యోది అయ్యాక పెన్ను మూసి, "మామ్మగారూ, ఆ రోజు గేదె దగ్గర మిమ్మల్ని నేనన్న మాటలు..." అని ఆగాను.

ఆవిడ సున్నపు కాయ మూత పెట్టుకుంటూ నా వైపు చూడలేదు.

"కలిపేరు, కలిపేరు అని నువ్వంటుంటే ఏడుపొచ్చేసింది నాకు. కలపలేదనే కదా చెప్పేను" అన్నారు. "కలపమని ఒక్కసారి అడిగుంటే కలిపేదాన్ని కదమ్మా."